రోబో సర్జరీ: దూరాన్ని చెరిపేందుకు పుట్టిన యంత్రం

ప్రొస్టేట్‌కో, గర్భసంచికో ఆపరేషన్ తప్పదని తెలిసిన వరంగల్, ములుగు, భూపాలపల్లి కుటుంబాల్లో ఇప్పుడు ‘రోబోతో చేయిస్తే మంచిదా’ అన్న ప్రశ్న కూడా వినిపిస్తోంది. దాని వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది.

జర్మనీలో ఎరిక్ మ్యూహే చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయాన్ని తొలగించిన 1985లోనే, అమెరికాలో ఒక పారిశ్రామిక రోబో చేతిని మెదడు బయాప్సీకి వాడారు. ఈ రెండు దారులూ కలవడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరా దృశ్యాన్ని తెరపై చూస్తూ చేసే పద్ధతిలో, పిత్తాశయ ఆపరేషన్‌కు నాంది పలికారు. కోత చిన్నదైంది, రోగి త్వరగా ఇంటికి చేరాడు. కష్టమంతా సర్జన్ మీద పడింది. పొట్ట గోడను ఆనుకుని తిరిగే పొడవాటి పరికరం కావడంతో చేయి కుడికి కదిలితే లోపలి కొన ఎడమకు కదులుతుంది, దానికి మణికట్టు ఉండదు, తెరపై లోతు తెలియదు. రోబో తీర్చింది ఈ మూడు ఇబ్బందులనే. అంతేగాని, అది తనంతట తాను కోయదు. కన్సోల్ (రోబోను నడిపే నియంత్రణ పరికరం) దగ్గర కూర్చున్న సర్జన్ వేళ్లు కదిలినట్టే కదులుతుంది.

ఈ యంత్రాల వెనుక ఉన్న పరిశోధనకు అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టింది యుద్ధరంగంలో గాయపడిన సైనికుడికి దూరం నుంచే శస్త్రచికిత్స చేయాలన్న ఆలోచనతో. 2000లో ‘డా విన్సీ’ అనే సర్జరీ రోబోకు అమెరికా అనుమతి లభించింది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్లు ‘జ్యూస్’ (Zeus) అనే మరో రోబోతో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మహిళ పిత్తాశయాన్ని తొలగించారు. ఆ ఘనత అలా ఉండగా, ఆచరణలో కన్సోల్ సాధారణంగా రోగి ఉన్న థియేటర్‌లోనే ఉండిపోయింది. రోబో వచ్చాక కూడా సర్జన్ ఉన్న నగరానికి రోగే వెళ్లవలసి వస్తోంది. హైదరాబాద్ నిమ్స్‌లో ప్రభుత్వం రోబో సేవలను 2023లో ప్రారంభించింది. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి మీద ఆధారపడిన ఉత్తర తెలంగాణ పేద రోగికి అది దాదాపు నూట యాభై కిలోమీటర్ల దూరం.

రోబో దగ్గరి ఆసుపత్రికి రాకపోవడానికి కొనుగోలు ధర ఒక్కటే కారణం కాదు. రోబో చేతికి తగిలించే పరికరాల్లో చాలావాటికి ఇన్నిసార్లే వాడాలన్న లెక్కను తయారీదారే పెడతాడు. అది ముగిశాక యంత్రం వాటిని అంగీకరించదు. ఏటా నిర్వహణ ఖర్చు దీనికి అదనం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగినా, ఆసుపత్రికి అందేది చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ ధరే. ఆరోగ్య బీమాలో రోబో శస్త్రచికిత్సను పూర్తిగా మినహాయించరాదని బీమా నియంత్రణ సంస్థ 2019లో చెప్పింది, చెల్లింపుపై పరిమితి పెట్టుకునే వెసులుబాటును మాత్రం కంపెనీలకు వదిలింది.

ఖరీదైనదే మెరుగైనదన్న నమ్మకానికి 2018లో గట్టి దెబ్బ తగిలింది. తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై జరిగిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, పెద్ద కోతతో ఆపరేషన్ చేసినవారిలో నాలుగున్నరేళ్లకు 96.5 శాతం మంది వ్యాధి లేకుండా ఉండగా, లాప్రోస్కోపీ లేదా రోబోతో చేసినవారిలో 86 శాతమే అలా ఉన్నారు. మరుసటి ఏడాది అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ క్యాన్సర్ ఆపరేషన్లలో రోబో వాడకంపై హెచ్చరిక జారీ చేసింది. ప్రొస్టేట్ విషయంలో రోబోకు దక్కిన ఆదరణ వేరు. కటి లోతుల్లోని ఇరుకు చోట అది తేలికగా తిరగగలదు. కాబట్టి రోగి అడగవలసింది రోబో ఉందా అని కాదు, తన జబ్బుకు అది అవసరమా, ఆ సర్జన్ దానితో ఇలాంటివి ఎన్ని చేశారు అని.