"ఆ బట్టలేంటమ్మా?": ఆకర్షణ గురించి నా గదిలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పదహారేళ్లుగా హనుమకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇంటర్, డిగ్రీ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పెళ్లి కుదిరిన జంటలు, పెళ్లయి పదేళ్లయినా ఒకరి చూపు మీద ఒకరికి అనుమానం పోని దంపతులు వస్తుంటారు. ఎవరు వచ్చినా మాటల్లో ఎక్కడో ఒకచోట బట్టల ప్రస్తావన వస్తుంది. "ఆ పిల్ల అట్లా తయారై వస్తే మావాడి తప్పేముంది మేడమ్?" అంటుంది ఒక తల్లి. "ఆ రోజు ఆ టాప్ వేసుకోకపోతే బాగుండేది" అని ఏడుస్తుంది ఒక పిల్ల. "నా చూపు మీద నాకే అసహ్యంగా ఉంది" అంటాడు ఒక అబ్బాయి. ముగ్గురి నమ్మకం ఒకటే: ఒకరి మనసులో పుట్టే ఆకర్షణకు ఇంకొకరి ఒంటి మీది గుడ్డే కారణమని. ఆ నమ్మకం ముగ్గురికీ చేటు చేస్తోంది కాబట్టే ఇది రాస్తున్నాను. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: ఒళ్లు కనిపించే బట్టలు చూస్తే మగవాడు తనను తాను ఆపుకోలేడు.

వాస్తవం: ఇందులో మూడు మెట్లున్నాయి. మనవాళ్లు మూడింటినీ కలిపేసి ఒకటే అంటారు.

మొదటిది చూపు పడటం. అది రెప్పపాటులో జరిగిపోతుంది, మన అనుమతి అడగదు. రెండోది ఆకర్షణ. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చబడుతుంది, ఏదో ఊహ మెదులుతుంది. ఇదీ పిలిస్తే వచ్చేది కాదు, పొమ్మంటే పోయేది కాదు. ఆడవాళ్లకూ కలుగుతుంది, కాకపోతే మన ఇళ్లలో వాళ్లు పైకి చెప్పరు. మూడోది చేసే పని. కళ్లప్పగించి చూడటం, వెంటపడటం, మాట విసరడం, చెయ్యి వేయడం. మొదటి రెండూ ఒంటి స్వభావం. మూడోది మాత్రం నిర్ణయం.

ఇరవై రెండేళ్ల యువకుణ్ణి వాళ్ల అన్న నా దగ్గరికి తీసుకొచ్చాడు. బస్సులో ఒకమ్మాయి మీద చెయ్యేసి పట్టుబడ్డాడు. "ఆపుకోలేకపోతున్నా మేడమ్, నిజంగా" అన్నాడు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. ఎక్కడెక్కడ ఇలా జరిగిందని అడిగాను. "రద్దీ బస్సులో." క్లాసులో? "లేదు." గుడిలో? "లేదు." చుట్టాల పెళ్లిలో? "లేదు." ఆ బస్సులోనే పక్కన ఎస్సై నిలబడి ఉంటే? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. పెళ్లిలో కూడా అమ్మాయిలు అందంగానే తయారవుతారు, అక్కడా అతనికి ఆకర్షణ కలుగుతుంది, కానీ చెయ్యి కదలదు. అంటే ఆపుకోగలడు. తాను ఆపుకోగలనని అతను ఒప్పుకున్న ఆ రోజే అసలు చికిత్స మొదలైంది. ఏ వేళల్లో, ఏ స్నేహితులతో ఉన్నప్పుడు, ఫోన్లో ఏం చూశాక ఆ కోరిక మీదికొస్తుందో కాగితం మీద రాసుకుంటూ వెళ్లాం. బట్టల సంగతి ఆ కాగితం మీదికి రాలేదు.

ఇదే అపోహ మంచి పిల్లల్ని ఇంకోలా నలిపేస్తుంది. డిగ్రీ రెండో ఏడు చదివే అబ్బాయి, బాగా దైవభక్తి ఉన్నవాడు. క్లాసులో ఒకమ్మాయి స్లీవ్‌లెస్ వేసుకొస్తే తన చూపు అటు పోయిందని వారం రోజులు ఒంటిపూట భోజనం చేశాడు. తర్వాత ఆడపిల్లలతో మాట్లాడటమే మానేశాడు. అయినా ఆలోచనలు తగ్గకపోగా పెరిగాయి. పెరగక ఏం చేస్తాయి? మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే కోతే గుర్తొస్తుందని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త ఇదే విషయాన్ని ప్రయోగం చేసి చూశాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెబితే, మనుషులకు అదే పదేపదే తలపుకొచ్చింది. ఆ అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే: "ఆకర్షణ కలగడం పాపం కాదు నాన్నా. అది వస్తుంది, పోతుంది. చూపు తిప్పుకుని ఆ అమ్మాయిని నోట్స్ అడుగు." మూడు నెలలకు ఆడపిల్లలతో మామూలుగా మాట్లాడగలిగాడు.

అపోహ: ఒళ్లంతా కప్పుకుంటే ఎవరూ జోలికి రారు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చినవాళ్లలో స్కూల్ యూనిఫాంలో ఉండగా వేధింపుకు గురైనవాళ్లున్నారు. చున్నీకి రెండు పక్కలా పిన్నులు పెట్టుకున్నవాళ్లు, బుర్ఖాలో ఉన్నవాళ్లు, చీరలో ఉన్నవాళ్లు, ఇంట్లో నైటీ మీద టవల్ కప్పుకున్నవాళ్లూ ఉన్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే లెక్కల్లో, నమోదైన అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు, పనిచేసేచోట పైవాళ్లు. వాళ్లు ఆమెను రోజూ చూసేవాళ్లే, కొత్తగా ఒక డ్రెస్ చూసి రెచ్చిపోయే అపరిచితులు కారు. వాళ్లు ముందుగా చూసేది ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఈ పిల్ల బయటికి చెబుతుందా అన్నది.

బెంగళూరులో జాస్మీన్ పథేజా 2003లో వీధుల్లో జరిగే వేధింపుకు వ్యతిరేకంగా బ్లాంక్ నాయిస్ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. వేధింపు జరిగిన రోజు తాము వేసుకున్న బట్టల్ని పంపమని ఆడవాళ్లను అడిగారు. అలా చేరే బట్టలు మన బీరువాల్లో మడతపెట్టి ఉండే మామూలు బట్టలే.

ఈ అపోహ వల్ల జరిగే పెద్ద నష్టం తల్లిదండ్రులకు కనిపించదు. "పద్ధతిగా ఉంటే ఏం కాదు" అని విని పెరిగిన పిల్లకు ఏదైనా జరిగితే, నేనే ఎక్కడో పద్ధతి తప్పానని తన మీదికే తెచ్చుకుంటుంది. ఇక నోరు విప్పదు.

అపోహ: అట్లా తయారైందంటే పిలుస్తున్నట్టే కదా.

వాస్తవం: ఎదుటివాళ్ల మనసులో ఏముందో బట్టల్నిబట్టి చదవడంలో మనం బాగా తప్పుతాం. 1982లో ఆంటోనియా ఆబీ అమెరికాలో చేసిన ప్రయోగంలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే ఇంకో ఇద్దరు చాటుగా గమనించారు. అదే సంభాషణలో అమ్మాయి కవ్విస్తోందని ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఎక్కువగా అనిపించింది. మామూలు స్నేహంగా మాట్లాడినా అంతే. ఇక బట్టల సంగతి వేరే చెప్పాలా?

ఉక్కపోత అని, ఫ్యాషన్ అని, స్నేహితురాలు బాగుందన్నదని, అద్దంలో తనకే నచ్చిందని, ఇలా ఎన్నో కారణాలకు వేసుకుంటారు. ఒకరి మెప్పు కోసం తయారవడమూ ఉంటుంది, అందులో దాచాల్సిందేమీ లేదు. కానీ ఆ ఒకరు ఎవరన్నది ఆమె ఇష్టం. దారినపోయే ప్రతివాడూ తననే పిలిచిందని అనుకోవడానికి లేదు.

న్యాయస్థానాల్లోనూ ఈ పొరపాటు జరిగింది, సరిదిద్దుకోవడమూ జరిగింది. 2022 ఆగస్టులో కోళికోడ్ సెషన్స్ కోర్టు ఒక కేసులో ముందస్తు బెయిల్ ఇస్తూ, ఫిర్యాదు చేసిన ఆమె రెచ్చగొట్టే దుస్తులు వేసుకుందని రాసింది. అక్టోబరులో కేరళ హైకోర్టు బెయిల్‌ను అలాగే ఉంచి ఆ వ్యాఖ్యను తీసేసింది. అంతకుముందే, 2021 మార్చిలో అపర్ణా భట్ కేసు తీర్పులో, బెయిల్ ఉత్తర్వుల్లో బాధితురాలి దుస్తులు, నడవడిక గురించిన చర్చ రాకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపును, 78వ సెక్షన్ వెంటపడటాన్ని నేరాలుగా చెబుతాయి. బట్టల్నిబట్టి మినహాయింపు ఆ రెండింటిలోనూ లేదు.

అపోహ: ఒళ్లు కనిపించేలా కట్టుకోవడం మన సంప్రదాయం కాదు, బయటినుంచి వచ్చిందే.

వాస్తవం: మా నాయనమ్మ తరంలో పల్లెల్లో రవిక లేకుండా చీర చుట్టుకున్న ముసలమ్మలు ఎందరో. వరినాట్లప్పుడు మోకాళ్ల పైకి చీర ఎగ్గట్టుకుని బురదలో దిగిన ఆడవాళ్లను ఇప్పటికీ చూస్తాం, ఎవరూ వింతగా అనుకోరు. లంబాడీ తండాల్లో పెద్దవాళ్లు వేసుకునే కాంచళి అనే రవికకు వీపు భాగం ఉండదు, తాళ్లతో కడతారు. మాకు దగ్గర్లోనే ఉన్న పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి మదనికలను, అంటే ఒంటి మీద గుడ్డ కంటే నగలే ఎక్కువ కనిపించే నాట్యకత్తెల శిల్పాలను, పిల్లాపాపలతో సహా వెళ్లి దండం పెట్టుకుని మరీ చూసొస్తాం. నడుము కనిపించే చీర మనకు గౌరవం, చీలమండ దాకా కప్పే జీన్స్ మాత్రం పొగరు. కాబట్టి మన అభ్యంతరం ఎంత చర్మం కనిపించిందన్న దాని మీద కాదు, కంటికి అలవాటైందా లేదా అన్నదాని మీద. రోజూ చూసేదాని మీద కన్ను నిలవదు. కొత్తదాని మీద నిలుస్తుంది, కొన్నాళ్లకు అదీ అలవాటైపోతుంది.

అపోహ: పొట్టి బట్టలు వేసుకునే అమ్మాయికే ఆత్మవిశ్వాసం ఉన్నట్టు.

వాస్తవం: ఈ మాట అమ్మాయిల నుంచే ఎక్కువ వింటున్నాను, అందుకే చెప్పాల్సి వస్తోంది. 1998లో అమెరికాలో కొందరు విద్యార్థులకు గదిలో ఒంటరిగా, అద్దం ముందు స్విమ్‌సూట్‌నో స్వెట్టర్‌నో తొడుక్కోమని చెప్పి, అలాగే లెక్కల పరీక్ష పెట్టారు. స్విమ్‌సూట్‌లో ఉన్న అమ్మాయిలకు మార్కులు తగ్గాయి, అబ్బాయిలకు తగ్గలేదు. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా, తన ఒంటిని బయటివాళ్ల కళ్లతో చూసుకోవడంలోనే మనసు సగం ఖర్చయిపోతుంది. బలవంతంగా కప్పించినా, ఇన్‌స్టాగ్రామ్ లైకుల కోసం ఇష్టంలేకుండా విప్పినా ఆ అవస్థ ఒకటే. మర్చిపోయి హాయిగా తిరగగలిగే బట్టలు వేసుకోమంటాను. అవి ఏవన్నది ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

అపోహ: భర్త చూపు ఇంకొకరి మీద పడిందంటే ప్రేమ పోయినట్టే.

వాస్తవం: కాదు. భార్య చూపు పడినా అంతే. దాన్నిబట్టి కాపురాన్ని కొలవకండి.

ఇక "ఏం బట్టలేసుకున్నావ్?" అనే ప్రశ్న. ఒకాయన, ప్రభుత్వోద్యోగి, కూతుర్ని ప్రాణంగా చూసుకునే మనిషి. ట్యూషన్ నుంచి వస్తుంటే ఎవరో వెంటపడ్డారని తొమ్మిదో తరగతిలో ఆ పిల్ల చెప్పినప్పుడు ఆయన నోట మొదట వచ్చిన ప్రశ్న ఇదే. కోపంతో కాదు, భయంతో అడిగాడు. పిల్లకు ఆ తేడా తెలియలేదు. తర్వాత రెండేళ్లు ఏం జరిగినా ఇంట్లో చెప్పలేదు. చివరికి పరీక్షలంటే వణుకు వస్తోందని నా దగ్గరికి తెచ్చారు, అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆయన అదే గదిలో కూతురి ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, ఇప్పుడేం చెయ్యాలి మేడమ్ అన్నాడు. ఆ రోజు అడగాల్సిన మాటలు ఈ రోజు అడగమన్నాను. "ఎక్కడ జరిగిందమ్మా? వాడు మళ్లీ కనిపించాడా? నేను రేపు నీతో వస్తా, సరేనా?" వేధించేవాళ్లను పట్టే పోలీసుల షీ టీమ్స్ గురించి, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 గురించి ఇద్దరికీ కలిపి చెప్పాను. ఆ పిల్ల నంబర్లు రాసుకుంటుంటే వాళ్ల నాన్న కూడా తన ఫోన్లో సేవ్ చేసుకున్నాడు.