మడచెట్ల చోటును నిర్ణయించే బురద

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణాన ఉన్న కోరింగలో, పోటు నీరు వచ్చిపోయే ఉప్పు బురదలో పెరిగే మడ అడవిలో, కాలువ గట్టు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ చెట్ల జాతులు మారిపోతాయి. గట్టున ఊతవేర్లతో ఉప్పుపొన్న, దాని వెనుక మడ అనే పేరున్న జాతి, ఇంకా మెరక మీద తిల్ల కనిపిస్తాయి. ఈ చోట్ల మధ్య ఎత్తులో తేడా చాలా తక్కువ. అయితే పోటు నీరు ఆ నేలను ఎన్నిసార్లు ముంచాలో, ఎంతసేపు నిలవాలో తేల్చేది ఆ కొద్దిపాటి తేడాయే.

నీరు నిలిచిన బురదలో మొదట కొరవడేది ఆక్సిజన్. అది గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక, పైపొర కింద ఉన్నదంతా సూక్ష్మజీవులు త్వరగా వాడేసుకుంటాయి. ఆ తరువాత అవి నైట్రేటు, ఇనుము సమ్మేళనాల మీద, చివరకు సముద్రపు నీటిలో పుష్కలంగా ఉండే సల్ఫేటు మీద ఆధారపడతాయి. సల్ఫేటు నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడే ఆ బురదకు కుళ్లిన కోడిగుడ్డు వాసన తెస్తుంది, ఇనుముతో కలిసి నేలను నల్లబరుస్తుంది, వేర్లకు విషమవుతుంది. మడచెట్టు బురద పైకి పంపే శ్వాసవేర్లు గాలిని లోపలికి తీసుకుపోతాయి. వేర్ల నుంచి బయటకు ఊరే కొద్ది ఆక్సిజన్ చుట్టూ ఉన్న సల్ఫైడును తగ్గిస్తుంది కూడా. నేల మొక్కను ఎంచుకోవడమే కాదు, మొక్క కూడా నేలను మారుస్తుందన్నది నాకు ఇందులో అన్నిటికంటే విలువైన విషయం.

ఇక ఉప్పు. సముద్రానికి దగ్గరైన నేలలోనే ఉప్పు ఎక్కువని అనుకోవడం సహజం, కానీ అది అన్నిచోట్లా నిజం కాదు. రోజూ పోటు కడిగే నేలలో ఉప్పు, లీటరుకు సుమారు 35 గ్రాములుండే సముద్రపు నీటి స్థాయిని అంతగా దాటదు. అమావాస్య, పౌర్ణముల పెద్ద పోట్లు మాత్రమే చేరే మెరకలో నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది కనుక, వేసవిలో అది సముద్రాన్ని మించిపోతుంది. ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును బయటకు పంపగల మడ అక్కడ గిడసబారి అయినా బతుకుతుంది. వేర్ల దగ్గరే ఉప్పును వడగట్టే ఉప్పుపొన్నకు ఆ నేల సరిపడదు. ఇంకా ముదిరిన ఉప్పు పర్రలో ఇలకూర వంటి దళసరి ఆకుల మొక్కలే మిగులుతాయి.

ఈ నేలను ఎండబెట్టినా ప్రమాదమే. అందులోని ఇనుప సల్ఫైడుకు గాలి తగిలితే గంధకామ్లం పుడుతుంది; కేరళలోని కుట్టనాడు రైతులకు ఈ ఆమ్ల నేలల బాధ బాగా తెలుసు.

ఒకప్పుడు మడ అడవులను పట్టీలుగా పూర్తిగా నరికినచోట బురద ఎండి, కుంగి పల్లమైంది. లోపలికి వచ్చిన పోటు నీరు తిరిగి పోలేక ఆవిరై ఉప్పు పేరుకుంది. విత్తనాలు వచ్చిపడినా మొలకలు నిలవలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అటవీ శాఖతో కలిసి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఈ కారణాన్ని గుర్తించి, నాటడానికి ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది. పోటు నీరు వచ్చి పోవడం మొదలై ఉప్పు తగ్గాక మడ, తిల్ల మొక్కలు నాటారు. అవి కూడా కాలువ అడుగున కాదు, గట్టు మీద కాదు, వాలు మధ్యలో: అడుగున మునక ఎక్కువ, పైన ఉప్పు ఎక్కువ.