థిన్ క్లయింట్ సర్వర్లు: నెల్లూరులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టు. నేను తెచ్చిన థిన్ క్లయింట్‌ని షావుకారు గారు అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. "ఏంది అబ్బయా, ఇది కేబుల్ టీవీ డబ్బా గదా! దీంట్లో నా లెక్కలన్నీ పడతాయా?"

దాంట్లో ఏమీ ఉండదండీ, అన్నీ లోపల గదిలో సర్వర్‌లో, అంటే అందరి పనీ చేసే పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి అన్నాను.

"ఏమీ లేనిదానికి నాకెందుకు డబ్బులు చెప్తుండావు?"

ఆ రోజు గంటసేపు చెప్పాల్సి వచ్చింది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైస్ మిల్లుల్లో, రొయ్యల మేత డీలర్ల దగ్గర, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో అవే ప్రశ్నలు, అవే జవాబులు. అవన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఈసారి ఎవరైనా అడిగితే లింకు పంపేస్తే సరిపోతుంది.

అపోహ: డబ్బా చిన్నది కాబట్టి స్లోగా ఉంటుంది.

మీరు కొట్టిన కీ, కదిపిన మౌస్ సర్వర్‌కి పోతాయి. అక్కడి నుంచి తెర బొమ్మ వెనక్కి వస్తుంది. ఆ డబ్బా చేసే పని అంతే. టాలీ, ఎక్సెల్, బిల్లింగ్ లాంటి వాటికి అది ఎప్పుడూ అడ్డం కాదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న థిన్ క్లయింటే కావాలని పట్టుబట్టే వాళ్ళున్నారు. ఆ డబ్బు తీసుకెళ్ళి సర్వర్‌లో పెట్టండి.

స్లో అని ఫోన్ వస్తే నేను మొదట చూసేది సర్వర్ డిస్క్. కావలి వైపు ఒక ఆఫీసులో పన్నెండు మంది. ప్రాసెసర్ మంచిదే, ర్యామ్ ఉంది, కానీ డిస్క్ మాత్రం తిరిగే పాత హార్డ్ డిస్క్. పొద్దున తొమ్మిదిన్నరకి పన్నెండు మందీ ఒకేసారి లాగిన్ అవుతారు. అప్పుడు డిస్క్ ముల్లు పన్నెండు చోట్లకి పరిగెత్తాలి. టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ వచ్చేది కాదు. మిగతావేవీ ముట్టుకోకుండా ఎస్ఎస్‌డీ వేశాం, మర్నాటి నుంచి ఫోన్ లేదు.

డిస్క్ తర్వాత ర్యామ్. నా లెక్క మొరటుగా ఉంటుంది: విండోస్‌కి ఎనిమిది జీబీ పక్కన పెడతా, టాలీ, ఎక్సెల్ వాడే మనిషికి రెండు జీబీ, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచి కూర్చునే మనిషికి నాలుగు. ఇరవై మంది ఉన్న ఆఫీసుకి 64 జీబీ లోపు నేను కొటేషన్ ఇవ్వను. మూడోది, అటక మీద మరిచిపోయిన 100 ఎంబీపీఎస్ స్విచ్. దాన్ని కూడా ఒకసారి దించి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ భయం నిజమే. వీడియో. కాలేజీ ల్యాబులో ముప్పై మంది పిల్లలు ఒకేసారి యూట్యూబ్ పెడితే ఆ ముప్పై వీడియోలనీ విప్పాల్సింది సర్వర్ ఒక్కటే. అక్కడ ఎంత పెద్ద సర్వర్ అయినా చేతులెత్తేస్తుంది.

అపోహ: సర్వర్ ఎందుకు? విండోస్ 11 పీసీకే చిన్న ప్యాచ్ వేస్తే నలుగురూ ఎక్కొచ్చు.

ఎక్కుతారు, తర్వాతి విండోస్ అప్‌డేట్ వచ్చేదాకా. మామూలు విండోస్‌లో ఒక సమయంలో ఒక్కరే పని చేయాలన్నది లైసెన్సులోనే ఉంది. ప్యాచ్ వేయడమంటే దాన్ని మీరడమే. పైగా అప్‌డేట్‌తో ఆ ప్యాచ్ పోతుంది, సరిగ్గా జీఎస్టీ రిటర్న్ ఆఖరి రోజున.

అపోహ: సర్వర్ విండోస్ కొన్నాం, లైసెన్సులన్నీ అందులోనే వచ్చేశాయి.

ఇది నేను నా తప్పుతో నేర్చుకున్న పాఠం. కొత్తల్లో ఒక మిల్లులో మార్చి మొదటి వారంలో సర్వర్ పెట్టాను. పదిహేను మంది హాయిగా పని చేశారు. జూలై మొదటి వారంలో ఒక ఉదయం ఒక్కరికీ లాగిన్ కాలేదు. వైరస్ అనుకున్నా, నెట్‌వర్క్ అనుకున్నా, స్విచ్ మార్చా. మధ్యాహ్నానికి గాని వెలగలేదు: రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌కి (ఆర్‌డీఎస్, చాలామంది ఒకే సర్వర్‌లోకి ఎక్కే విండోస్ సదుపాయం) లైసెన్సు లేకుండా మైక్రోసాఫ్ట్ ఇచ్చే గడువు 120 రోజులు. నేను లైసెన్సు సర్వర్ పెట్టనే లేదు. ఆ గడువు నడుస్తున్నన్నాళ్ళూ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే ప్రమాదం. ఇప్పుడు సర్వర్ పెట్టిన రోజే ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుంటున్నా.

కావాల్సినవి మూడు. విండోస్ సర్వర్, దానికి మామూలు క్యాల్స్ (సర్వర్ వాడుకునే ఒక్కో మనిషికో, యంత్రానికో తీసుకునే లైసెన్సులు), వాటి మీద ఆర్‌డీఎస్ క్యాల్స్. మూడూ వేర్వేరు. ఆర్‌డీఎస్ రోల్ లేకుండా ఉత్త సర్వర్‌కి అడ్మిన్ పని కోసం ఇద్దరు ఎక్కొచ్చు, అంతే. "ఇద్దరు ఎక్కుతుండారు, మూడో ఆయన్ని తన్నేస్తా ఉండాది" అని ఫోన్ వస్తే సంగతి ఇదే.

క్యాల్స్‌లో పర్ యూజర్, పర్ డివైస్ అని రెండు రకాలు. ఒకే కుర్చీలో మూడు షిఫ్టుల మనుషులు మారే వేబ్రిడ్జి దగ్గర పర్ డివైస్ లాభం. ఆఫీసులో, ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో ఒకే మనిషి వాడితే పర్ యూజర్. డొమైన్ (యూజర్లందరినీ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటు) లేకుండా ఉత్త వర్క్‌గ్రూప్‌లో నడిపేవాళ్ళు పర్ డివైసే తీసుకోవాలి. 2019 సర్వర్‌ని వర్క్‌గ్రూప్‌లో ఉంచి పర్ యూజర్ పెడితే గంటలో సెషన్ (సర్వర్‌లో మీరు తెరిచిన పని) తెగిపోతుందని మెసేజ్ వస్తుంది, నిజంగానే తెగుతుంది. వెర్షన్ కూడా చూసుకోండి. 2019 క్యాల్స్ 2022 సర్వర్‌కి పనికిరావు, 2022వి 2019కి పనికొస్తాయి.

అపోహ: సాయంత్రం స్విచ్ ఆపేస్తే పని ముగిసినట్టే.

ఆగింది డబ్బా, సర్వర్‌లో మీ సెషన్ అలాగే కూర్చుని ఉంటుంది. కిటికీ మీద క్రాస్ కొట్టినా అంతే. సర్వర్ టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ తెరిచి చూడండి. మొన్న సోమవారం పొద్దున ఒకచోట అలా చూస్తే, ఆఫీసుకి ఇంకా ఎవరూ రాకముందే, పేరు పక్కన డిస్‌కనెక్టెడ్ అని పద్నాలుగు సెషన్లు. ఒక్కోదాంట్లో శనివారం నాటి క్రోమ్. అరవై నాలుగు జీబీలో నలభై ఆ దయ్యాలే తింటున్నాయి. సైన్ అవుట్ చేయమని గోడ మీద కాగితం అంటిస్తే ఎవరూ చదవరు. గ్రూప్ పాలసీలో (విండోస్‌కి నియమాలు పెట్టే చోటు) డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌కి గడువు పెట్టండి. నేను నాలుగు గంటలు పెడతా. మరీ తక్కువ పెడితే కరెంటు పోయినప్పుడు జనం తిడతారు, ఆ సంగతి కింద వస్తుంది.

అపోహ: థిన్ క్లయింట్‌కి వైరస్ రాదు, కాబట్టి మాకు భయం లేదు.

డబ్బాకి రాదనుకున్నా, సర్వర్‌కి వస్తుంది. అప్పుడు ఒకరికి కాదు, అందరికీ. ఇంటి నుంచి చూసుకోవాలని రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ తలుపు) తెరిచి పెట్టడం మన వైపు మహా అలవాటు. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు మైక్రోసాఫ్ట్ చివరికి ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చిందంటే ఆ తలుపు ఎంత ప్రమాదమో చూడండి. పోర్టు నంబరు 3390కి మార్చాం, ఎవరికీ దొరకదు అంటారు. మనుషులు వెతికితే దొరకదేమో, వెతికేవి ప్రోగ్రాములు. వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) పెట్టండి, లేదా ఆర్‌డీ గేట్‌వే (రిమోట్ డెస్క్‌టాప్‌కి కాపలా వాకిలి) పెట్టి 443 పోర్టు మీదుగా రండి. బ్యాకప్ హార్డ్ డిస్క్‌ని సర్వర్‌కే శాశ్వతంగా తగిలించి ఉంచిన ఒక చోట ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాన్ని కూడా కలిపి లాక్ చేసింది. ఆ డేటా తిరిగి రాలేదు.

అపోహ: సర్వర్ పెట్టేశాక ప్రింటర్ అదే వస్తుంది.

నా జీవితంలో సగం ప్రింటర్ల కింద పోయింది. ముఖ్యంగా డాట్ మ్యాట్రిక్స్. మన దగ్గర ఏ మిల్లుకి పోయినా ఎంఎస్‌పీ 250 లాంటిది ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంటుంది. కార్బన్ కాపీ బిల్లులకి దానికి సాటి లేదు కూడా. రిమోట్ సెషన్‌లో విండోస్ తనంతట తాను ఈజీ ప్రింట్ డ్రైవర్‌ని వాడుతుంది. అది పేజీని అక్షరాలుగా కాక బొమ్మగా పంపిస్తుంది. తేడా చెవితోనే తెలుస్తుంది. అక్షరాలుగా వెళ్తే ప్రింటర్ ఒక్కో లైనుని జర్రుమని లాగేస్తుంది. బొమ్మగా వెళ్తే ఒకే లైను మీద అటూ ఇటూ తిరుగుతూ గొణుగుతుంది. బయట లారీ డ్రైవరు హారన్ కొడుతుంటాడు.

మందు ఏమిటంటే, గ్రూప్ పాలసీలో ఈజీ ప్రింట్‌ని ముందు వాడే సెట్టింగు ఆపేసి, ప్రింటర్ అసలు డ్రైవర్‌ని అదే పేరుతో సర్వర్‌లో వేయాలి. టాలీలో డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్ ఎంచుకోవాలి. ప్రింటర్‌కి నెట్‌వర్క్ ప్రింట్ సర్వర్ తగిలించి సొంత ఐపీ ఇస్తే ఇంకా మేలు, క్లయింట్‌తో సంబంధమే ఉండదు.

అపోహ: డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్‌ని సర్వర్‌కే గుచ్చేస్తే అందరూ వాడుకోవచ్చు.

ఆడిటర్లందరూ ఇక్కడే బోల్తా పడతారు. రిమోట్ సెషన్‌లో కూర్చున్నవాడికి సర్వర్‌కి గుచ్చిన టోకెన్ (విండోస్ దాన్ని స్మార్ట్‌కార్డ్‌గా చూస్తుంది) కనబడదు, తన ముందున్న డబ్బాకి గుచ్చినదే కనబడుతుంది. టోకెన్ క్లయింట్‌కి, డ్రైవర్ సర్వర్‌లో, కనెక్షన్‌లో స్మార్ట్‌కార్డ్ టిక్. లైనక్స్ థిన్ క్లయింట్ అయితే కొనేముందే మీ టోకెన్ పెట్టి చూడండి. వేలిముద్ర యంత్రాలకూ అంతే, ఒకటి ట్రయల్‌కి తెచ్చుకోకుండా ఇరవై ఆర్డర్ పెట్టొద్దు.

అపోహ: లైనక్స్‌లో ఎల్‌టీఎస్‌పీ (సర్వర్ నుంచి పీసీలని నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తే మూలన పడ్డ పాత పీసీలన్నీ లేచి కూర్చుంటాయి.

ఒకప్పుడు నిజం. 1999లో మొదలైన ఆ ప్రాజెక్టులో అప్పట్లో పనంతా సర్వరే చేసేది, క్లయింట్ ఎంత ముసలిదైనా నడిచేది. 2019లో దాన్ని మళ్ళీ మొదటినుంచి రాశారు. ఇప్పుడు క్లయింట్ నెట్‌వర్క్ మీదుగా బూట్ అయి సర్వర్‌లోని ఇమేజ్‌ని (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) వాడుకుంటుంది కానీ, ప్రోగ్రాములు నడిచేది క్లయింట్ సొంత ప్రాసెసర్, ర్యామ్ మీదే. పాఠశాల ల్యాబుకి ఇది నిజానికి మంచి మార్పు, పైన చెప్పిన యూట్యూబ్ బాధ పోతుంది. కానీ ఐదువందల పన్నెండు ఎంబీ ర్యామ్ పీసీలు తెచ్చి నా ముందు పెట్టొద్దు. రెండు జీబీ కన్నా తక్కువైతే నేను చెయ్యి పెట్టను. ఒక ఇమేజ్ మారిస్తే ముప్పై సీట్లూ మారతాయి, అది దీని సుఖం.

అపోహ: థిన్ క్లయింట్లు చవక.

కొన్న రోజున కాదు. సర్వర్, క్యాల్స్, యూపీఎస్, అన్నీ కలిపితే మామూలు పీసీలకి దగ్గరగానే తేలుతుంది, ఒక్కోసారి మించుతుంది. చవక అని చెప్పి అమ్మేవాడిని నమ్మకండి, నేనైనా సరే. ఎనిమిది మంది లోపు ఆఫీసుకి నేనసలు ఇది వద్దంటాను.

ఆదా అయ్యేది కరెంటులో, తిరుగుడులో. ఇరవై డెస్క్‌టాప్‌లు ఒక్కోటి 80 వాట్లు లాగితే 1600 వాట్లు. థిన్ క్లయింట్ ఒక్కోటి 12 వాట్లు అనుకుంటే 240, సర్వర్‌కి 300 వేసుకున్నా 540. మానిటర్లు రెండు చోట్లా ఒకటే. సర్వర్ ఆగితే ఇరవై మందీ ఆగుతారన్నది మాత్రం అపోహ కాదు, పచ్చి నిజం. అందుకే నేను దేవుడి పటం కింద, మెట్ల కింద సర్వర్ పెట్టనివ్వను. అగరుబత్తి పొగ ఫ్యాన్లలోకి పోతుంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి ఏసీ లేని గదిలో ఏదీ బతకదు. రెండు పవర్ సప్లైలు, అద్దం పట్టినట్టు ఒకే డేటా ఉండే రెండు డిస్కులు, రాత్రి బ్యాకప్ వేరే చోటికి, సర్వర్‌కి విడిగా యూపీఎస్.

షావుకారు గారి కొట్లో పెట్టిన నెలకే ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంది. కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్ మీద ఉంది, డబ్బాలన్నీ ఆరిపోయాయి. గుమాస్తా సగం కొట్టిన ఓచరు పోయిందని తల పట్టుకున్నాడు. జనరేటర్ వేశాక లాగిన్ అయితే ఓచరు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది, కర్సర్ కూడా ఆ గడిలోనే మిణుకుమంటోంది. నాలుగు గంటల గడువు పెట్టింది ఇందుకే. ఆ పిడుగులకి ఒక డబ్బా అడాప్టర్ కాలిపోయింది. నేను రాలేనని ఫోన్‌లో చెప్పాను. బీరువాలో ఉన్న స్పేరు తీసి ఆఫీసు బాయ్ ఐదు నిమిషాల్లో తగిలించేశాడు.