ఖాళీగా కనిపించే బస్సు లేన్: అపోహలు, వాస్తవాలు

రవాణా ప్రణాళికల పనిలో ఉన్నందువల్ల విజయనగరంలో ఎవరిని కలిసినా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "విశాఖ బీఆర్‌టీఎస్ (బస్సులతో నడిచే వేగ రవాణా వ్యవస్థ) రోడ్డులో బస్సులకని విడిగా చోటు వదిలి ఏం సాధించారు, ఎప్పుడు చూసినా ఖాళీయే కదా?"

అపోహ: ఖాళీగా ఉన్న లేన్ వృథా.

వాస్తవం: లెక్కించవలసింది వాహనాలను కాదు, మనుషులను. యాభై మందితో నిమిషానికొక బస్సు వెళ్తే గంటకు 3,000 మంది గమ్యం చేరతారు. అయినా రెండు బస్సుల మధ్య ఆ లేన్ ఖాళీగానే కనిపిస్తుంది. సిగ్నళ్లున్న నగర రోడ్డుపై కార్లతో కిక్కిరిసిన లేన్ దాటించేది సాధారణంగా గంటకు 600 నుంచి 1,600 మందిని మాత్రమే. గంటకు నాలుగు బస్సులే తిరిగే దారిలో లేన్ గీస్తే మాత్రం అది నిజంగానే వృథా, అందులో సందేహం లేదు.

ఈ అపోహకు చెల్లించే మూల్యం చాలా పెద్దది. ఖాళీగా ఉంది కదా అని కార్లను వదిలితే బస్సు ఆగిపోతుంది, వేళ తప్పుతుంది, విసిగిన ప్రయాణికుడు అప్పు చేసి బండి కొంటాడు, ఆ బండి కూడా అదే రద్దీలో చేరుతుంది. ఢిల్లీలో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్‌ల మధ్య 5.8 కిలోమీటర్ల బస్సు దారి 2008లో మొదలైంది. కూడళ్ల సిగ్నళ్లలో లోపాలున్న మాట నిజమే. అయితే కార్లను అందులోకి అనుమతించాలన్న పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టివేసినప్పటికీ, 2016లో ఆ దారినే తొలగించారు.

అపోహ: బస్సు లేన్ వస్తే ఆటోల బతుకు పోతుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక ఆటో డ్రైవర్ "ఏటి బాబూ, ఆ గీత గీసేస్తే మేమెక్కడికి పోవాల?" అని అడిగినప్పుడు ఆయన గొంతులోని భయం నన్ను చాలా బాధించింది. రోజువారీ కిస్తీ కట్టుకునే మనిషిని ఆధారంలేని పుకార్లతో బెదిరించడం అన్యాయం. బస్సు దిగినవారిని ఇంటికి చేర్చేది ఆటోయే కనుక, స్టాపు పక్కనే ఆటోలకు చోటు చూపని ప్రణాళిక అసంపూర్ణమని ఆయనకు చెప్పాను.

అపోహ: ముగ్గురుంటేనే కారును రానిచ్చే నిబంధనలు నిష్ఫలం.

ఈ నిబంధన ఉన్న ఇండోనేషియా నగరం జకార్తాలో, ముగ్గురి లెక్క నింపడానికి కిరాయికి కార్లలో కూర్చునేవారు పుట్టుకొచ్చిన మాట వాస్తవమే. కానీ 2016లో ఆ నిబంధనను ఎత్తివేశాక ఆ రోడ్లపై ఆలస్యం ఉదయం 46 శాతం, సాయంత్రం 87 శాతం పెరిగింది.

అపోహ: బస్సు లేన్ అంటే ప్రతి వీధినీ చీల్చడమే.

మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వరకు ఉన్న ఇరుకులో ఏ ప్రణాళికా నిపుణుడూ బస్సు లేన్ గీయడు. మన ఊరికి కావలసింది రద్దీ కూడళ్లలో, వెడల్పున్న చోట, సిగ్నల్‌కు ముందు ఆగిన వాహనాల వరుసను బస్సు దాటి వెళ్లగలిగేంత చిన్న ముక్క మాత్రమే.