ఆర్కుట్ నుంచి అరట్టై దాకా: కొత్త సామాజిక వేదికలకు ఇంకా చోటుందా?

2025 సెప్టెంబరు చివరి వారంలో భీమవరం, అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా సందేశం పదేపదే తిరిగింది. మన దేశపు సంస్థ జోహో తయారుచేసిన అరట్టై యాప్‌ను అందరూ దించుకోవాలని, గ్రూపు మొత్తం అక్కడికి మారిపోవాలని దాని సారాంశం. అరట్టై అంటే తమిళంలో పిచ్చాపాటీ కబుర్లు. 2021 జనవరిలోనే వచ్చి ఎవరి కంటా పెద్దగా పడకుండా ఉన్న ఆ యాప్‌లో చేరేవారి సంఖ్య మూడే రోజుల్లో రోజుకు 3,000 నుంచి 3,50,000కు పెరిగిందని జోహో సహవ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు అప్పట్లో ప్రకటించారు. మా గోదావరి డెల్టాలోనూ చాలామంది దించుకున్నారు, పేరు నమోదు చేసుకున్నారు, ఒకరికొకరు నమస్కారాలు పంపుకున్నారు. మర్నాడు పొద్దున రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు మాత్రం పాత వాట్సాప్ గ్రూపులోనే వచ్చాయి. చెరువు పట్టుబడికి సిద్ధంగా ఉన్న రైతు ధర ఎక్కడ వస్తే అక్కడే చూస్తాడు. అతను అక్కడ ఉన్నంతకాలం ధర చెప్పే కొనుగోలుదారూ అక్కడే ఉంటాడు.

రావులపాలెం అరటి మార్కెట్‌ను ఎరిగినవారికి ఇందులో వింత కనిపించదు. పక్క ఊళ్లో ఎవరైనా సిమెంటు గచ్చు, చల్లని నీడ, తక్కువ రుసుముతో ఇంతకన్నా మంచి యార్డు కట్టినా, లంక రైతు తన గెలలను అక్కడికి తోలడు. తమిళనాడు, ఒడిశా వెళ్లే లారీలు రావులపాలెంలో ఆగుతాయి. గెలలు అక్కడికి వస్తాయి గనుకనే ఆగుతాయి. సామాజిక మాధ్యమాల బలం కూడా అచ్చంగా ఇదే. వేదిక విలువ దాని హంగుల్లో లేదు, అందులో అప్పటికే ఉన్న మనవాళ్లలో ఉంది. కొత్త వేదికలు ఇంకా నిలదొక్కుకోగలవా అన్న ప్రశ్నను అరట్టై మళ్లీ ముందుకు తెచ్చింది గనుక, ఈ బిగింపు ఎలా ఏర్పడిందో మొదటినుంచీ చూడటం అవసరం.

ఇరవై ఏళ్ల కిందట ఇంత బిగింపు లేదు. 2004 జనవరిలో గూగుల్ ఆర్కుట్‌ను ప్రారంభించినప్పుడు కాకినాడ, రాజమండ్రి, భీమవరం నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు అదే సామాజిక వేదికల తొలి పరిచయం. స్నేహితులు రాసిన స్క్రాప్‌లు, అంటే చిన్న సందేశాలు, చూసుకోవడానికే సెంటరుకు వెళ్లే రోజులవి. బ్రెజిల్ తరవాత ఆర్కుట్‌ను అంతగా వాడిన దేశం మనదే. అయినా 2006 సెప్టెంబరులో అందరికీ తలుపులు తెరిచిన ఫేస్‌బుక్ నాలుగైదేళ్లలో ఇక్కడ దాన్ని దాటిపోయింది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. అమెరికాలో మైస్పేస్ కథ ఇంకా వేగంగా ముగిసింది. దాని మాతృసంస్థను 2005లో న్యూస్ కార్పొరేషన్ 58 కోట్ల డాలర్లకు కొన్నది. 2011లో మైస్పేస్ అమ్ముడుపోయింది సుమారు 3.5 కోట్ల డాలర్లకే. ఫేస్‌బుక్ మెరుగైనది కాబట్టి గెలిచిందని సాధారణంగా చెబుతారు. అది సగం నిజమేనని నా అభిప్రాయం. ఆర్కుట్‌లో ఉన్నవారికన్నా ఇంకా ఎక్కడా చేరనివారే అప్పట్లో ఎన్నో రెట్లు ఎక్కువ. పాతవారిని లాక్కోకుండానే, కొత్తగా ఇంటర్నెట్‌లోకి వచ్చేవారిని తన వైపు తిప్పుకుంటే పైచేయి సాధించే వీలు ఫేస్‌బుక్‌కు దక్కింది.

ఆ వీలును మరొకరికి దక్కనివ్వకుండా చూసుకున్న సంస్థ కూడా ఫేస్‌బుక్కే. పోటీ పడటం కన్నా కొనడం మేలని మార్క్ జుకర్‌బర్గ్ 2008లోనే ఒక ఈమెయిల్‌లో రాశారు; అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో ఫేస్‌బుక్ గుత్తాధిపత్యంపై వేసిన దావాలో ఆ మాటను ఉటంకించింది. 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందాలు కుదిరాయి. ఆ తరవాత 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. కాలువ శివారు ఊళ్లకు కూడా డేటా చేరినప్పుడు పెద్దవాళ్లు, గృహిణులు, కూలీలు నేరుగా అడుగుపెట్టింది వాట్సాప్‌లోకే. చాలామందికి ఇంటర్నెట్ అంటే అదే. ఎక్కడా చేరని జనం అంటూ మిగలకపోయేసరికి, డబ్బుకూ ఇంజినీర్లకూ కొదవలేని గూగుల్ ప్లస్ 2019లోనూ, మన దేశంలోనే పుట్టిన హైక్ మెసెంజర్ 2021 జనవరిలోనూ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది.

అంత బిగింపులోనూ డెల్టాలో ఒక కొత్త యాప్ ఇంటింటా చోటు సంపాదించిన సందర్భం ఉంది. దాని గురించి రాసేవారు తక్కువ గనుక కొంచెం వివరంగా చెప్పాలి. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలోనూ డ్రైవర్లుగానూ పనిచేసేవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఇక్కడ బిడ్డను వదిలివెళ్లిన తల్లికి కావలసింది ఆ బిడ్డ ముఖం చూడటం. వాట్సాప్‌లో వీడియో కాల్ సదుపాయం 2016 నవంబరులో గాని రాలేదు. వచ్చాక కూడా కొన్ని గల్ఫ్ దేశాలు ఇంటర్నెట్ కాల్స్‌ను అడ్డుకునేవి. నెట్ వేగం అంతంతమాత్రంగా ఉన్నా పనిచేసే ఇమో అనే వీడియో కాల్ యాప్ ఆ ఖాళీలోకి వచ్చింది. ఊళ్లో ఎవరూ దాన్ని గొప్ప వేదికగా చర్చించలేదు. ఒక్క మనిషితో మాట్లాడటానికి ఒక్క యాప్ దించుకున్నారు, అంతే. గ్రూపును కదపవలసిన పని లేకపోవడం దానికి కలిసివచ్చింది: తల్లీ బిడ్డా ఇద్దరూ చేరితే ఆ కుటుంబం వరకు ఆ వేదిక నిండినట్టే.

గ్రూపును కదపకుండా గెలిచిన మరో దారి టిక్‌టాక్‌ది. అంతకుముందు 2015లో ఐఐటీ కాన్పూర్ పట్టభద్రులు ముగ్గురు మొదలుపెట్టిన షేర్‌చాట్ తెలుగు సహా భారతీయ భాషలకే పరిమితమై, వాట్సాప్‌లో పంపుకునే శుభోదయం బొమ్మలు, దేవుడి పటాలు, స్టేటస్ వీడియోలు దొరికే చోటుగా ఎదిగింది. వాట్సాప్‌ను ఎదిరించకుండా దానికి సరుకు అందించడమే దాని తెలివి. టిక్‌టాక్ ఇంకా ముందుకు వెళ్లింది. నీకు తెలిసినవారు ఎవరని అడగకుండా, నువ్వు ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగావో చూసి తరవాతి వీడియోను ఎంచింది. ఖాతా తెరిచిన మొదటి నిమిషంలోనే, స్నేహితుడు ఒక్కడూ లేకపోయినా, వేదిక నిండుగా కనిపించేది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూస్తూ గోదావరి యాసలో మాట్లాడిన కుర్రవాడి వీడియోను, అతని ఊరి పేరైనా వినని వేలమంది చూడగలిగారు. పలుకుబడీ బంధుబలగమూ లేనివారికి అలాంటి చోటు అంతకుముందు దొరకలేదు. ఆ యాప్ మీద ఎన్ని అభ్యంతరాలున్నా ఈ మాట దాచకూడదు.

2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించేనాటికి మన దేశంలో టిక్‌టాక్ వాడుకరులు సుమారు 20 కోట్లమంది. అంతమంది ఒక్క రాత్రిలో వేదిక లేనివారు కావడం సామాజిక మాధ్యమాల చరిత్రలో అరుదైన ఘటన, కొత్త సంస్థలకు అంతకు మించిన అవకాశం ఊహించలేం. షేర్‌చాట్ వాళ్ల మోజ్ రోజుల వ్యవధిలో వచ్చింది. పది రోజులైనా గడవకముందే ఇన్‌స్టాగ్రామ్ భారత్‌లో రీల్స్‌ను తెచ్చింది. డెల్టా కుర్రవాళ్లు ఎక్కువమంది చివరికి తేలింది ఇన్‌స్టాగ్రామ్‌లోనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ. కొత్తవాడు కనిపెట్టిన పద్ధతిని పాతవాడు తన కోట్లమంది ముందు వెంటనే పెట్టగలగడం ఇప్పటి పోటీలో అతిపెద్ద అడ్డంకి. అదే సమయంలో పాత వేదికల స్వభావమూ మారింది. 2025 నవంబరులో ట్రేడ్ కమిషన్ దావాను కోర్టు కొట్టివేస్తూ, అమెరికాలో ఫేస్‌బుక్‌పై గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూసేది 17 శాతమేనని, ఇన్‌స్టాగ్రామ్‌లో అది 7 శాతమేనని పేర్కొన్నది.

ట్విటర్ తరహాలో మన దేశంలో పుట్టిన కూ యాప్ కథ ఇంతకన్నా బాధ కలిగిస్తుంది. 2020లో కన్నడంతో మొదలై తెలుగుతో సహా అనేక భాషలకు విస్తరించి, 2021 ఆరంభంలో కేంద్రానికీ ట్విటర్‌కూ నడిచిన వివాదంతో మంత్రులనూ ప్రభుత్వ శాఖలనూ ఆకర్షించి, ఒక దశలో నెలకు సుమారు కోటి మంది వాడిన ఆ వేదిక 2024 జులైలో మూతపడింది. ఇలాంటి వేదిక ఆదాయం గురించి ఆలోచించే స్థితికి రావాలంటే అయిదారేళ్ల పాటు ఓపికగా పెట్టుబడి పెట్టేవారు కావాలని వ్యవస్థాపకులు వీడ్కోలు లేఖలో రాశారు. గొంతుతోనే మాట్లాడుకునే క్లబ్‌హౌస్ 2021 వేసవిలో తెలుగు రాత్రులను కబుర్లతో నింపి, ఆ తరవాత తగ్గిపోయింది. 2023 జులైలో ఫేస్‌బుక్ సంస్థే తెచ్చిన థ్రెడ్స్ అయిదు రోజుల్లో 10 కోట్ల ఖాతాలు సాధించినా, అవి ఇన్‌స్టాగ్రామ్ పునాది మీద లేచినవే.

మా ఆంధ్రప్రదేశ్‌లో ఈ బిగింపుకు ప్రభుత్వం కూడా తోడైంది. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర ద్వారా తొలి విడతలో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మండల కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తగ్గడం నిజంగా మేలే. అయితే ధ్రువపత్రం కోసం, బిల్లు కోసం కూడా అదే యాప్ తెరవవలసి వస్తే, దాన్ని వదలడం ఒక కుటుంబానికి మరింత కష్టమవుతుంది. దీనికి విరుగుడు మనకు తెలియనిది కాదు. 2011 జనవరిలో దేశమంతటా నంబరు మారకుండా నెట్‌వర్క్ మార్చుకునే వీలు కల్పించారు. 2016లో వచ్చిన యూపీఐలో ఒక యాప్ నుంచి మరో యాప్‌కు డబ్బు వెళుతుంది. మెసేజింగ్‌లో అలాంటి నియమాన్ని యూరోపియన్ యూనియన్ తన డిజిటల్ మార్కెట్ల చట్టంలో పెట్టింది. 2024 మార్చి నుంచి పెద్ద వేదికలకు అది వర్తిస్తోంది. యూపీఐలోనూ రెండు యాప్‌లే నాలుగింట మూడొంతులకు పైగా లావాదేవీలు నడుపుతున్నాయి కాబట్టి నియమం ఒక్కటే సరిపోదు. కానీ అది ఉంటే, అరట్టైలో ఉన్న రైతుకు వాట్సాప్‌లోని కొనుగోలుదారు ధర పంపగలిగేవాడు.

పాత గ్రూపునే మరో రంగులో చూపే వేదికకు డెల్టాలో చోటు దొరకదని ఈ చరిత్ర చూస్తే నాకు అనిపిస్తోంది. గ్రూపు తీర్చలేని అవసరం మాత్రం ఇక్కడ కళ్లెదుటే ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతుల గ్రూపుల్లో రోజంతా సందేశాలు వచ్చిపడ్డాయి. నిజమైన ధరా, వదంతీ, మేత ప్రకటనా అన్నీ ఒకే వరుసలో కలిసిపోయాయి. ఒక గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. నిరుడు తెల్లమచ్చ వైరస్ సోకినప్పుడు అనుభవజ్ఞుడు ఇచ్చిన సలహా ఈ ఏడు వెతికినా దొరకదు. గ్రూపులో ప్రకటించిన 100 కౌంటు ధరకూ, చెరువు గట్టు మీద కాటా వేశాక చేతికి వచ్చిన ధరకూ తేడా ఎంతో ఎవరూ రాసి ఉంచరు. ఆ తేడాను ఏ రైతుకు ఆ రైతు ఇప్పటికీ తన చేతి పుస్తకంలోనే రాసుకుంటున్నాడు.