వైన్ వ్యాపారం: అపోహలు, వాస్తవాలు - పెంకులు చదివే మనిషి మాట

నా పని పాత పెంకులతో. సముద్రంలో మునిగిన ఓడల నుంచి, రేవు పట్టణాల తవ్వకాల నుంచి వచ్చే జాడీ ముక్కలు బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తాను. బయట ఇటుక రంగు, లోపల నల్లటి పొర కనిపిస్తే ఆ రోజు నాకు పండగే. గోటితో గీకితే పొడిపొడిగా రాలే ఆ నలుపు మసి అనుకుంటారు చాలామంది. అది పైన్ చెట్టు జిగురు కాచి చేసిన తారు. మట్టి జాడీ చెమరుస్తుంది, దాని గోడల గుండా గాలి ఆడుతుంది. గాలి తగిలిన వైన్ వెనిగర్ అయిపోతుంది. అందుకే లోపల తారు పూసేవారు. పొర కనబడగానే వైన్ అని మొదటి అంచనా వేసుకుని, ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం జాడ కోసం ముక్కను ల్యాబ్‌కు పంపుతాం.

వేల ఏళ్ల వైన్ వ్యాపారమంతా ఈ ఒక్క బెంగ చుట్టూ తిరిగింది: గాలి తగలనివ్వకుండా ఎంత దూరం మోసుకెళ్లగలం? ఇది మనసులో పెట్టుకుంటే తరచూ వినిపించే అపోహలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: వైన్ పుట్టిల్లు ఫ్రాన్స్.

కాదు. ఇప్పటివరకు దొరికిన అతి పాత రసాయనిక ఆధారం జార్జియాలోని మట్టి పాత్రలది, సుమారు క్రీ.పూ. 6000 నాటిది. ఆర్మేనియాలోని అరేని గుహలో క్రీ.పూ. 4100 ప్రాంతపు ద్రాక్ష తొక్కే తొట్టి, రసం పట్టే గాబు దొరికాయి. ఫ్రాన్స్‌కు వైన్ ఓడల్లో దిగుమతి సరుకుగా వచ్చింది. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకులు ఇప్పటి మార్సెయ్ దగ్గర స్థిరపడ్డారు, తర్వాత ఇటలీ వర్తకులు వచ్చారు. గాల్ దేశస్థులు, అంటే అప్పటి ఫ్రాన్స్ ప్రాంతపు జనం, ఒక్క జాడీ వైన్‌కు ఒక బానిసను ఇచ్చేసేవారని గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివినా నిమిషంసేపు ఆగిపోతాను. ఈ వ్యాపారం గురించి మురిపెంగా మాట్లాడేవాళ్లు ఆ జాడీకి అవతలి పక్కన నిలబడ్డ మనిషిని కూడా తలుచుకోవాలి.

అపోహ: జాడీ అడుగు మొనదేలి ఉండటం తెలివితక్కువ పని, నిలబెట్టడానికే పనికిరాదు.

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆంఫోరా అనే ఈ జాడీని ఇంట్లో గూట్లో పెట్టుకోవడానికి చేయలేదు, ఓడ కోసం చేశారు. కింది వరస జాడీల భుజాల మధ్య ఖాళీలో పై వరస జాడీ మొన సరిగ్గా దిగుతుంది. సందుల్లో చిన్న కొమ్మలు, రెల్లు కుక్కితే అలల కుదుపుకు కదలవు. ఫ్రాన్స్ దక్షిణ తీరాన మద్రాగ్ ద జియాన్ దగ్గర క్రీ.పూ. మొదటి శతాబ్దంలో మునిగిన రోమన్ ఓడలో ఇలా మూడు వరసల్లో పేర్చిన జాడీలు ఆరేడు వేలు ఉన్నాయి. ఒంపేటప్పుడు ఆ మొన రెండో చేతికి పట్టుగా కూడా పనికొస్తుంది. ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి మొన మీద వేసి ఎత్తి చూస్తే చేసినవాడి ఆలోచన మీ చేతులకే తెలుస్తుంది.

దీని అసలు లోపం బరువు. ఆ కాలపు ఇటలీ జాడీ ఒకటి ఖాళీగానే సుమారు 25 కిలోలు తూగుతుంది, అందులో పట్టేది దాదాపు 25 లీటర్లు. సరుకెంతో పాత్రా అంతే! గాల్ వాసుల చెక్క పీపాలకు వర్తకులు మళ్లడానికి కారణం ఇక్కడుంది. పీపా తేలిక, నేల మీద దొర్లించుకుంటూ ఒక్క మనిషి తీసుకుపోగలడు. ఓక్ చెక్క వాసన కోసం పీపా వాడటం చాలా తర్వాతి ముచ్చట.

అపోహ: వైన్ ఎంత పాతదైతే అంత ఖరీదు, ఎప్పుడూ అంతే.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. రోమన్ సంపన్నులు పాత వైన్ కోసం పడిచచ్చేవారు. క్రీ.పూ. 121 నాటి ఒపిమియన్ పంట వైన్‌ను దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా దాచుకున్నారనీ, అప్పటికది తేనెలా చిక్కబడి చేదెక్కిందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తారు పూసి మూతి బిగించిన జాడీ ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

పీపా వచ్చాక కథ తిరగబడింది. చెక్క సందుల్లోంచి గాలి ఆడుతుంది, పీపా కొంచెం ఖాళీ అయిందంటే పైన గాలి చేరుతుంది. మధ్యయుగంలో ఫ్రాన్స్ నైరుతిలోని బోర్డో రేవు నుంచి ఇంగ్లండ్‌కు సరుకు పోయే రోజుల్లో కొత్త వైన్‌దే పైచేయి. శరత్కాలంలో కొత్త పంట ఓడలు రేవులో దిగగానే నిరుటి వైన్ ధర పడిపోయేది. ఆ వ్యాపారం చిన్నదేం కాదు. 1308-09 ఏడాదిలో దాదాపు లక్ష తొన్నెలు (తొన్నె అంటే పెద్ద పీపా కొలత), అంటే సుమారు 9 కోట్ల లీటర్లు బోర్డో ప్రాంతం నుంచి ఎగుమతి అయ్యాయి. ఓడ ఎంత మోయగలదో చెప్పే టన్నేజ్ అనే మాట ఈ పీపాల కొలత నుంచే వచ్చింది.

పాత వైన్‌కు మళ్లీ విలువ రావడానికి వెయ్యేళ్లకు పైగా పట్టింది. పదిహేడో శతాబ్దంలో డచ్ వర్తకులు వైన్ చెడకుండా పీపాల్లో గంధకం వెలిగించి పొగబెట్టే పద్ధతిని వ్యాప్తి చేశారు. ఇంగ్లండ్‌లో బొగ్గు కొలిమి వేడికి మందమైన గట్టి గాజు సీసా తయారైంది. దానికి కార్క్ బిరడా తోడైంది. గాలి చొరబడని పాత్ర మళ్లీ చేతికొచ్చింది, దానితోపాటే వైన్‌ను ఏళ్లకేళ్లు దాచే అలవాటూ తిరిగొచ్చింది.

అపోహ: బుడగల షాంపేన్‌ను కనిపెట్టింది డోమ్ పెరిన్యోన్.

ఆ సన్యాసి మంచి వైన్ తయారీదారు, బుడగలను లోపంగా చూసి తగ్గించాలని చూసినవాడు. అతను షాంపేన్ ప్రాంతంలోని ఓవిలే మఠానికి రాకముందే, 1662లో, వైన్‌లో చక్కెర కలిపి నురగ తెప్పించే పద్ధతిని ఇంగ్లిష్ వైద్యుడు క్రిస్టఫర్ మెరెట్ లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. గట్టి సీసా ఉన్నచోటే బుడగ నిలుస్తుంది.

అపోహ: ఏ వైన్ గొప్పదో నిపుణుల నాలుకే నిర్ణయించింది.

1855 బోర్డో వర్గీకరణను పారిస్ ప్రదర్శన కోసం తయారుచేసింది దళారులు. రుచి పోటీ పెట్టలేదు. ఏళ్ల తరబడి ఏ తోట సరుకు ఎంతకు అమ్ముడైందో చూసి తరగతులు కట్టారు. సుంకాల పాత్ర అంతకన్నా పెద్దది. ఇంగ్లండ్, పోర్చుగల్ మధ్య 1703లో కుదిరిన మెథుయెన్ ఒప్పందం పోర్చుగల్ వైన్ మీద సుంకం ఫ్రెంచ్ వైన్ కన్నా మూడో వంతు తక్కువ ఉండాలంది. ఇంగ్లండ్ తాగేవాళ్ల గ్లాసుల్లోకి పోర్ట్ అనే పోర్చుగల్ వైన్ అలా చేరింది.

అపోహ: కల్తీ, లేబుళ్లు, ఊరి పేరుకు రక్షణ ఇవన్నీ ఈ కాలపు గొడవలు.

చట్టాలు ఈ మధ్యవే. 1860ల తర్వాత ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్లను తినేసింది. సరుకు కరువై ఎండు ద్రాక్ష నానబెట్టి చేసిన వైన్ మార్కెట్‌ను ముంచెత్తింది. చివరికి వైన్ అంటే తాజా ద్రాక్షను పులియబెట్టినదేనని 1889లో చట్టం చేయాల్సి వచ్చింది. ఊరి పేరు కాపాడే వ్యవస్థ 1935లో వచ్చింది.

బెంగ మాత్రం పాతది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోని 26 వైన్ జాడీల్లో చాలావాటి మీద ఏ ఏడాది పంట, ఏ తోట, తయారుచేసింది ఎవరు అన్నది సిరాతో రాసి ఉంది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో గ్రీకు ద్వీపం థాసోస్ నీళ్లు కలిపిన వైన్ అమ్మకూడదనీ, తమ ఓడలు పరాయి వైన్‌ను తమ తీరానికి తేకూడదనీ రాతి మీద చెక్కించింది. థాసోస్ జాడీ పిడి ఒకటి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. బొటనవేలంత ముద్ర, అంచున సగం అరిగిన అక్షరాలు. దీపాన్ని పక్క నుంచి వాలుగా పెడితే ఆ ఏటి అధికారి పేరు నీడలో తేలుతుంది. ఆ పేరు పూర్తిగా చదవగలిగితే ఈ జాడీ ఏ కాలంలో రేవు దాటిందో చెప్పగలను. ఇప్పటికి మూడు అక్షరాలు దొరికాయి.