ల్యాప్‌టాప్ సన్నబడ్డాక ఏం పోయింది?

భీమవరంలో ఒక మరమ్మతు దుకాణం. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు బోర్లా ఉన్నాయి. పాత నల్లదాని స్క్రూలు విప్పితే ర్యామ్, డిస్కు, ఫ్యాన్ వేటికవి ఊడి వచ్చాయి. నిరుడు కొన్న సన్నదానిలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డరింగ్ చేసేశారు. "పెంచడం కుదరదండీ, బోర్డే మార్చాలి" అంటే దాని యజమాని, రొయ్యల మేత వ్యాపారి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండూ 'ఆఫీసు పనికి' అని కొన్నవే.

చేత్తో మోసుకెళ్లగలిగే తొలితరం కంప్యూటర్లలో ఒకటైన 1981 నాటి ఆస్‌బోర్న్ 1 బరువు సుమారు 11 కిలోలు. మూత పెట్టిన కుట్టుమిషన్‌లా ఉండేది. మరుసటి ఏడాది గ్రిడ్ కంపాస్ పుస్తకంలా మడిచే ఆకారం తెచ్చింది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సి వచ్చింది: నల్లటి ఒళ్లు, రంగుల తెర, కీబోర్డు నడుమ ఎర్రటి బొడిపె. ధర 4,350 డాలర్లు. అంత డబ్బు పెట్టి కొనేది ఎక్కువగా కంపెనీలే. వాడేవాడు ఒకడు, బిల్లు కట్టేవాడు మరొకడు. బిల్లు కట్టేవాడికి మెరుపుతో పని లేదు. పాడైతే పూటలో బాగుపడాలి, విడిభాగం దొరకాలి. తర్వాతి థింక్‌ప్యాడ్ కీబోర్డుల్లో ఒలికిన నీరు కిందకు జారిపోయే దారి కూడా ఆ పట్టింపు నుంచే వచ్చింది. కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకుని లెక్కలు చూసే మనలాంటివాళ్లకు అదొక వరం.

మన వైపు రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు 1998 నుంచి కనిపించాయి. చిన్న వ్యాపారికి మాత్రం అసలు అవసరం 2017 జులై 1న జీఎస్‌టీతో వచ్చిపడింది. రిటర్నులు, మరుసటి ఏడాది ఈ-వే బిల్లులు, వాటితో పాటు కొందరికి డిజిటల్ సంతకం టోకెన్, అంటే పెన్‌డ్రైవ్ లాంటి ముక్క. ఆ టోకెన్‌కు పాత తరహా యూఎస్‌బీ రంధ్రం కావాలి.

ఈలోగా గాలి మారింది. 2008లో యాపిల్ తన సన్నటి ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌ను వేదిక మీద కవరులోంచి తీసి చూపించింది. 2011లో ప్రాసెసర్లు చేసే ఇంటెల్ 'అల్ట్రాబుక్' అంటూ మిగతా తయారీదారులనూ అదే దారి పట్టించింది. ఆఫీసు మోడళ్లూ వెంట నడిచాయి. గొళ్లెం జరిపితే ఊడే బ్యాటరీ లోపలికి పోయింది, నెట్‌వర్క్ తీగ దూర్చే చోటు చాలావాటిలో మాయమైంది.

కొన్ని ల్యాప్‌టాప్‌ల మీద కనిపించే 'మిలిటరీ గ్రేడ్' స్టిక్కరు సంగతి కాస్త ఆగి చూడాలి. అది మిల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైనిక పరీక్షల పత్రాన్ని ఉద్దేశించిన మాట. అందులో తేమ, ఉప్పు పొగమంచు, కంపనం, పడిపోవడం వంటివి ఎన్నో ఉన్నాయి. ఏవి చేయించాలో ఎంచుకునేది తయారీదారే. అంతర్వేదిలో ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలిసినవారు ముందు ఉప్పు పరీక్ష జరిగిందా అని అడగాలి. దుకాణదారుకు తెలియకపోతే మోడల్ వివరాల పత్రం తెరిపించాలి.

కంపెనీలు మూడు నాలుగేళ్లకు వదిలించుకున్న సరుకు మన ఊళ్లకు చవగ్గా వస్తుంది. గట్టి సరుకే, కానీ విండోస్ 10కు మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగంతో పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. ఏడో తరం యంత్రం ఎంత నిగనిగలాడినా ధర అందుకు తగ్గట్టే పలకాలి.

దుకాణంలో ఆ వ్యాపారి మరో పాత యంత్రం ధర అడిగి, ముందు దాన్ని బోర్లా తిప్పి చూపించమన్నాడు.